బీల విలువను ఎవరు లెక్కగట్టాలి?

శ్రీకాకుళం జిల్లా సోంపేట బీలలో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పేందుకు నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ చేసిన ప్రయత్నాన్ని రైతులు, మత్స్యకారులు ప్రతిఘటించగా, 2010 జూలై 14న పోలీసులు జరిపిన కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అది చిత్తడి నేల అని గుర్తించి ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది కూడా ఆ రోజే. అనుమతికి ముందే తేలవలసిన విషయం నెత్తురు చిందిన రోజున తేలిందంటే, లోపం ఏ ఒక్క అధికారి అలసత్వంలోనో కాక, నిర్ణయాలు తీసుకునే వరుసలోనే ఉన్నదని ఒప్పుకోక తప్పదు.

వాన నీరు, గెడ్డల నీరు సముద్రంలో కలిసే ముందు నిలిచే లోతట్టు నేలను ఇక్కడివారు బీల అంటారు. ఎత్తిపోతల పథకాలతో ఆ నీరు చుట్టుపక్కల వరి పొలాలకు చేరుతుంది. అందులో చేపలు పట్టేవారు, గట్ల వెంట పశువులను మేపేవారు, అక్కడి గడ్డి కోసి చాపలు అల్లేవారు ఏడాది పొడవునా దానిమీదే బతుకుతారు. ఈ రాబడికి రసీదులుండవు, పన్ను ఉండదు. అందువల్ల ప్రాజెక్టు లాభనష్టాల అంచనాలో బీల విలువ సున్నాగా మిగిలిపోతుంది. ఆ సున్నా మీద చూపే లాభం కొత్తగా పుట్టిన సంపద కానే కాదు, పేదల చేతిలోనుంచి కంపెనీ పద్దులోకి మారిన సంపద.

ప్రాజెక్టు వల్ల నీటికి, గాలికి, జీవనోపాధికి కలిగే మార్పులను ముందుగా లెక్కించే పత్రమే పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ కింద దాన్ని తయారుచేసే సంస్థను ఎంచుకునేది, రుసుము చెల్లించేది అనుమతి కోరే కంపెనీయే. ముసాయిదా సిద్ధమయ్యాకే ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. ఈ వరుస మారకుండానే, సోంపేట తర్వాత ఎనిమిది నెలలైనా గడవకముందే, 2011 ఫిబ్రవరి 28న, అదే జిల్లా కాకరాపల్లిలో మరో థర్మల్ కేంద్రం కోసం మళ్లీ తుపాకులు పేలాయి.

శ్రీకాకుళం వంటి జిల్లాలకు ఉపాధి అక్కరలేదని ఎవరూ అనరు. శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి పరాయి పడవల్లో కూలికి వేటాడుతూ 2018లో పాకిస్థాన్ చెరలో పడ్డారంటే, వలస ఎంత తీవ్రమో తెలుస్తుంది. అయితే నిర్మాణ కూలి కొన్నేళ్లతో ముగుస్తుంది. పోయిన బీల తిరిగి రాదు. సోంపేట ఉన్న ఉద్దానంలోనే కారణం ఇదమిత్థంగా తేలని మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తోంది. పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభించి, హిరమండలం నుంచి తాగునీరు తెచ్చిన ప్రభుత్వమే, అదే నేలపై పరిశ్రమకు అనుమతి పరిశీలించేటప్పుడు అక్కడి ఆరోగ్య స్థితిని మొదటి ప్రశ్నగా అడగాలి.

ప్రభుత్వ సంస్థలు భావితరాల క్షేమాన్ని దృష్టిలో పెట్టుకునే నిర్ణయాలు తీసుకోవాలని వేల్స్ 2015లోనే చట్టం చేసింది. ఇక్కడ అంతకన్నా చిన్న మార్పుతో మొదలుపెట్టవచ్చు: అంచనా నివేదిక రుసుమును కంపెనీనుంచి ప్రభుత్వ నిధిలో జమచేయించుకుని, అధ్యయన సంస్థను స్వతంత్ర మండలి ఎంపిక చేయాలి, భూమి కేటాయింపు జీవో ఆ నివేదికపై గ్రామసభల్లో చర్చ ముగిశాకే వెలువడాలి. 2023లో మూలపేట ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది కాకరాపల్లి ఉన్న సంతబొమ్మాళి మండలంలోనే కనుక, రేవు చుట్టూ రాబోయే పరిశ్రమలకు ఈ నియమాన్ని ఇప్పుడే వర్తింపజేయాలి.