మైదానమూ ఒక తరగతి గదే

అది 1950వ సంవత్సరం. భారతదేశం గణతంత్రంగా అవతరించిన ఏడాది. ఫుట్‌బాల్ అనగానే దేశమంతా కలకత్తా వైపు చూసే రోజులవి. ఆ ఏడాది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పును గెలుచుకుంది. ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పు పోటీల్లో సుప్రసిద్ధమైన మోహన్ బగాన్ జట్టును ఓడించి విజేతగా నిలిచింది. ఇది గాలివాటున వచ్చిన గెలుపు కాదు. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు హైదరాబాద్ పోలీసులకే దక్కింది.

ఈ విజయాల వెనుక నిలిచినవాడు ధనవంతుడైన పోషకుడు కాడు, ఒక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టం పొంది, నగరంలోని పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. వ్యాయామ విద్యలోనూ శిక్షణ పొందారు. ఆటగాళ్లందరికీ ఆయన ‘రహీం సాబ్’.

రహీం శిక్షణ ఇచ్చిన తీరును గమనిస్తే అందులో ఉపాధ్యాయుడే కనిపిస్తాడు. బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకొని మెప్పు పొందాలనుకోవడం యువకుల స్వభావం. దానికి విరుగుడుగా, బంతి అందిన వెంటనే సహచరునికి పంపి తీరాలన్న నియమంతో ఆయన పోటీలు జరిపించారు. బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో మరికొన్ని పోటీలు నిర్వహించారు. మొదటి నియమం నేర్పింది స్వార్థత్యాగం. రెండవది నేర్పింది సొంత లోపాన్ని దాచుకోక దిద్దుకోవడం. ఈ రెండూ ఆటకు ఎంత అవసరమో జీవితానికీ అంతే అవసరం. నీతులు వల్లె వేయించడం వలన రాని గుణాలను ఆయన నియమాల ద్వారా అలవాటు చేశారు.

ఆ పద్ధతి ఫలితం దేశానికీ దక్కింది. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. ఆ చలిలో మనవారిలో పలువురు బూట్లు లేకుండానే ఆడారు. సరిగ్గా నాలుగేళ్లకు, 1956లో మెల్‌బోర్న్‌లో, రహీం శిక్షణలోని భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది; నాలుగవ స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల అంతిమ పోరులో దక్షిణ కొరియాను 2-1తో గెలిచి స్వర్ణ పతకం సాధించింది. అప్పటికే రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్‌లో ఆయన కన్నుమూశారు. పురుషుల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత ఆసియా క్రీడల స్వర్ణం మనకు మళ్లీ దక్కలేదు.

జకార్తా జట్టులోని తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో పేద కుటుంబంలో పెరిగినవారు. శిక్షణకు రావడానికి దారి ఖర్చులు కూడా లేని ఆ కుర్రవానికి, సైకిలు కిరాయి కోసం రహీం రోజుకొక రూపాయి ఇచ్చేవారని చెబుతారు. ప్రతిభ ఎక్కడైనా పుడుతుంది. దానిని గుర్తించే కన్ను, ఆదుకునే చేయి ఉన్నచోటనే అది పెరుగుతుంది.

మరి ఆ వైభవం ఎందుకు నిలువలేదు? మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు తరలిపోవడం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది. రహీం చేసిన పని ఒక వ్యక్తి తపస్సుగానే మిగిలింది. విద్యావ్యవస్థ దానిని తనదిగా స్వీకరించలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచిన తరువాత సంతోష్ ట్రోఫీ తెలుగు నేలకు రాలేదు. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. మూడేళ్లు తిరగగానే ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. డబ్బుతో తెచ్చుకున్న జట్టు డబ్బు వెంటే పోతుంది. బడిలో వేళ్లూనిన ఆట ఎక్కడికీ పోదు.

ఈ మాటను నేటి సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతానికి అన్వయించి చూడవలసి ఉంది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వెలసిన నేల ఇది. పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలకు పలు రాష్ట్రాల నుండి కార్మికులు వచ్చారు. వారి పిల్లలు ఇక్కడే చదువుకుంటున్నారు. భాష వేరైనా బంతి ముందు అందరూ ఒక్కటే. రహీం జట్లలోనూ పలు మతాల, పలు మాతృభాషల యువకులు కలిసి ఆడారు. అయితే గజం భూమికి ధర పలికే ఈ చోట ఎన్నో జూనియర్ కళాశాలలు అంతస్తుల మేడల్లో నడుస్తున్నాయి. అక్కడ మెట్లున్నాయి గాని మైదానం లేదు.

“ఆటలు కూడు పెడతాయా? ఎప్‌సెట్ ర్యాంకు కావాలి గాని” అన్నది తల్లిదండ్రుల వాదన. షిఫ్టుల్లో చెమటోడ్చి ఫీజు కట్టే తండ్రి మాటను తేలికగా తీసివేయరాదు. ఆటగాళ్లందరికీ కప్పులు రావు, ఉద్యోగాలు రావు, ఇది నిజమే. కాని గణితం చదివిన ప్రతివాడూ రామానుజన్ కావాలని ఎవరూ కోరరు గదా! బుద్ధికి పదును పెడుతుందనే గణితాన్ని నేర్పుతున్నాము. ఓడిన మరునాడు మళ్లీ నిలబడడం నేర్పుతుంది కనుక ఆటను నేర్పాలి. ఒక్క పరీక్ష తప్పినంత మాత్రాన ప్రాణాలు తీసుకుంటున్న విద్యార్థుల వార్తలు చదివే సమాజానికి ఈ విద్య విలాసం కాదు, అవసరం.

పరిష్కారం అసాధ్యమేమీ కాదు. స్థలం లేని కళాశాలలు కూడి ప్రభుత్వ పాఠశాల మైదానాన్ని వంతులవారీగా వాడుకోవచ్చు. పరిశ్రమలు సామాజిక బాధ్యత కింద కేటాయించే నిధుల్లో కొంత మైదానాలకు, వ్యాయామ ఉపాధ్యాయుల జీతాలకు ఇవ్వవచ్చు. అన్నిటికంటే ముందు, సాయంత్రం ఒక గంటను స్టడీ అవర్ నుండి విడిపించి విద్యార్థికి ఇవ్వాలి.

కప్పులు అద్దాల బీరువాల్లో మసకబారుతాయి. బంతిని సహచరునికి అందించే అలవాటు మాత్రం మనిషితోపాటు మిగిలి ఉంటుంది. ఆ పాఠం చెప్పడానికి నల్లబల్ల చాలదు. కాస్త పచ్చికైనా కావాలి.