వాల్వ్ మార్చే ముందు మీటర్ పెట్టండి



లోడర్ ముందుకి గేర్ పడట్లేదంటే చాలు, నడిపినోడే ట్రాన్స్‌మిషన్ పాడుచేశాడంటారు. చూడకుండా ఒప్పుకోకండి. ఐర్లాండ్ వానకి చాలాసార్లు ముందు చెడేది వాల్వ్ కాదు, దాని కనెక్టర్. విప్పి చూడండి, పిన్నులకు పచ్చటి చిలుం పట్టిందేమో.

బకెట్ దించి, చక్రాలకు అడ్డం పెట్టి, కీ జేబులో వేసుకోండి. ముందుకి, వెనక్కి సొలినాయిడ్లు ఒకే రకమైతే రెండు కాయిళ్ల ఓమ్స్ కొలిచి పోల్చండి. ఒకటి తెగినట్టు చూపిస్తే కాయిలే పోయింది. రెండూ సమానమైతే కరెంటు సంగతి చూడాలి. కనెక్టర్ పీకి కొలిస్తే చిలుం పట్టిన వైరు కూడా 24 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. అందుకే కాయిల్ తగిలించే కొలవాలి. ఎర్త్ వైరు మర్చిపోవద్దు (నేను మర్చిపోయి ఒక పూట పోగొట్టుకున్నా). ఇవన్నీ బాగుంటేనే వాల్వ్ విప్పండి.

"న్యూట్రల్ స్విచ్ డైరెక్ట్ చేసెయ్" అని సూపర్‌వైజర్ అంటే మాత్రం చెయ్యొద్దు. బండి గేర్‌లోనే స్టార్టయితే ముందున్న మనిషి పోతాడు. భద్రత గురించి మాట్లాడినందుకు మిమ్మల్ని శిక్షించకూడదని 2005 సేఫ్టీ చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. శిక్షిస్తే 6 నెలల్లోపు డబ్ల్యూఆర్‌సీలో ఫిర్యాదు పెట్టొచ్చు. కొలతలు రాసి, కనెక్టర్ ఫోటో తీసి ఉంచుకోండి.