వార్త చెప్పకూడని రేడియో

పొద్దంతా పొలంలో వంగి, సాయంత్రం వచ్చి మైకు ముందు కూర్చునే మహిళ విత్తనాల గురించి చెప్పవచ్చు. పాట పాడవచ్చు. బాలింతకు పథ్యం చెప్పవచ్చు. ఊళ్లోని చౌకధరల దుకాణం నెలలో మూడు రోజులే ఎందుకు తెరుస్తున్నారని విచారించి, ఆ సంగతిని వార్తగా చదివితే మాత్రం కేంద్రం కట్టిన కంచె దాటినట్టే. దేశంలో దాదాపు 500 కమ్యూనిటీ రేడియో కేంద్రాలు ఉన్నాయి. వాటిలో చాలావాటిని నడిపేది జీతం లేని, లేదా జీతమని చెప్పుకోలేనంత స్వల్ప భృతి పొందే స్థానికులు. వారి శ్రమను ప్రభుత్వం వేదికలెక్కి పొగుడుతుంది. వారి మాటను మాత్రం నమ్మదు.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది. ఆ ఆస్తిలో పల్లెకు చిటికెడు వాటా దక్కడానికి పదకొండేళ్లు పట్టింది. 2002లో విద్యాసంస్థలకు మాత్రమే తలుపు తీశారు. స్వచ్ఛంద సంస్థలకు అవకాశం వచ్చింది 2006 నవంబరులో. ఉమ్మడి మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో దళిత మహిళలు అంతకు చాలా ముందే కార్యక్రమాలు రూపొందించడం నేర్చుకున్నారు. అనుమతి లేదు గనుక క్యాసెట్లలో నింపి, సంఘం సమావేశాలలో వినిపించుకున్నారు. వారి ‘సంఘం రేడియో’ గాలిలోకి వచ్చింది 2008 అక్టోబరు 15న. ప్రారంభించినవారు జస్టిస్ పి.బి. సావంత్, 1995 తీర్పు రాసిన న్యాయమూర్తి. సొంత తీర్పు ఒక ఊరిదాకా నడిచి రావడానికి పట్టిన కాలాన్ని ఆయన కళ్లారా చూశారు.

మాచునూరు మహిళలు ఆగారు. బిహార్‌లోని వైశాలి జిల్లా మన్సూర్‌పూర్‌లో రేడియోలు బాగుచేసే ఒక యువకుడు ఆగలేదు. చవక సామగ్రితో ప్రసార యంత్రం తయారుచేసి చుట్టుపక్కల ఊళ్లకు వినోదమూ కబుర్లూ పంచాడు. లైసెన్సు లేదని 2006లో దానిని మూయించారు.

ఇక ఈ నిషేధం భారం ఎవరి మీద పడుతున్నదో చూడాలి. కమ్యూనిటీ రేడియోకు అనుమతించే ప్రసార శక్తి సాధారణంగా 100 వాట్లు, స్తంభం ఎత్తు 30 మీటర్లు. గట్టిగా పలికితే పది పదిహేను కిలోమీటర్లు వినిపిస్తుంది. ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలలు భద్రపరచాలి. అయినా వార్తల మీద పర్యవేక్షణ సాధ్యం కాదనీ, దేశ భద్రతకు ప్రమాదమనీ కేంద్రం వాదిస్తూ వచ్చింది. ‘కామన్ కాజ్’ సంస్థ 2013లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలోనూ సమర్థించుకున్నది ఈ మాటతోనే. రాత్రంతా మతాల మధ్య చిచ్చు పెట్టే ఉపగ్రహ చానళ్ల వల్ల రాని ప్రమాదం, చిరునామా, స్తంభం, రికార్డింగు అన్నీ అధికారుల చేతిలో ఉన్న ఒక గది వల్ల వస్తుందట! మండలానికి నాలుగు యూట్యూబ్ చానళ్లు ఏ లైసెన్సూ లేకుండా వార్తలు చెబుతున్న రోజులివి. అదే మాట, అదే గొంతు రేడియోలో పలికితే నిబంధనల ఉల్లంఘన.

మినహాయింపులున్నాయి, కాదనలేం. ఆకాశవాణి వార్తలను అక్షరం మార్చకుండా తిరిగి వినిపించవచ్చు. వాతావరణం, పరీక్షల తేదీలు, స్థానిక యంత్రాంగం ఇచ్చే నీటి, విద్యుత్తు ప్రకటనలు వార్తల కింద లెక్కకు రావు. అంటే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పవచ్చు, ఎందుకు పోతున్నదో అడగరాదు. ఇది రచ్చబండ కాదు, దండోరా. దండోరా వేసేవాడికి డప్పు ఉంటుంది గానీ మాట సొంతం కాదు. పైగా ఆదాయంలో ముఖ్యభాగం ప్రభుత్వ ప్రకటనలదే అయిన కేంద్రాలకు ఆ కొద్దిపాటి ధైర్యం కూడా మిగలదు. 2012లో తరంగాల వార్షిక రుసుమును 19,700 రూపాయల నుంచి ఏకంగా 91,000కు పెంచితే, కేంద్రాలు నిరసనగా మౌనం పాటించి వెనక్కి తీయించుకోవలసి వచ్చింది.

పొరుగున నేపాల్‌లో రేడియో సాగర్‌మాథా 1997లోనే మొదలైంది. అక్కడి గ్రామీణ రేడియోలు వార్తలు చెబుతూనే ఎదిగాయి. 2005 ఫిబ్రవరిలో రాజు జ్ఞానేంద్ర అధికారం చేజిక్కించుకుని ఎఫ్ఎం వార్తలను నిషేధించినప్పుడు దేశమంతా దానిని నిరంకుశత్వమన్నది. రేడియో కార్యకర్తలు వార్తలను పాటలుగా పాడి వినిపించారు. ఖాట్మండులో సింహాసనాన్ని కదిలించిన నిషేధం, ఢిల్లీలో 2006 నుంచి మార్గదర్శకాలలో ఒక మామూలు వాక్యం. పార్టీలు మారాయి, మంత్రులు మారారు. ఆ వాక్యాన్ని కొట్టివేయడానికి ఎవరికీ చేయి రాలేదు. ఏ ఎన్నికల ప్రణాళికలోనూ దాని ఊసు లేకపోవడానికి కారణం ఊహించడం కష్టమేమీ కాదు. సర్పంచినీ, డీలర్‌నూ, కాంట్రాక్టరునూ పేరుపెట్టి అడిగే గొంతు ఊళ్లోనే పుట్టడం ఏ పార్టీకీ సుఖం కాదు.

2024 ఫిబ్రవరిలో మార్గదర్శకాలను సవరించారు. వ్యాపార ప్రకటనలకు గంటలో ఏడు నిమిషాలున్న పరిమితిని పన్నెండుకు పెంచారు. నిధుల కొరతతో నలిగే కేంద్రాలకు అది అవసరమే. అదే సవరణలో వార్తలపై నిషేధాన్ని మాత్రం ఉన్నచోటనే ఉంచారు. గంటలో పన్నెండు నిమిషాలు సబ్బుకూ ఎరువుకూ ఇవ్వవచ్చు. నిన్నటి గ్రామసభలో ఎవరు ఏమి అడిగారో, అధికారి ఏమి జవాబిచ్చాడో వార్తగా చదవడానికి అర నిమిషం కూడా లేదు.