ఆ కోర్టులో మెక్‌నల్టీకి ఏం పని?

ఆ కేసు అతనిది కాదు. దర్యాప్తు చేసింది ఇంకో డిటెక్టివ్. కళ్లారా చూసిన సాక్షి బోనెక్కాక మాట మార్చింది, హత్య కేసులో ముద్దాయి డియాంజెలో బార్క్స్‌డేల్ నిర్దోషిగా బయటపడ్డాడు. గెలిచినా ఓడినా జిమ్మీ మెక్‌నల్టీ ఖాతాలో పడేదేమీ లేదు. అయినా వచ్చి కూర్చుని విచారణ చూశాడు. 2002 జూన్‌లో హెచ్‌బీఓలో మొదలైన 'ద వైర్' తొలి ఎపిసోడ్‌లో నన్ను వదలని ప్రశ్న ఇదే. ఇతనెందుకొచ్చాడు?

జడ్జి ఫెలన్‌కీ అదే అనుమానం. ఛాంబర్‌కి పిలిపించి అడిగితే మెక్‌నల్టీ తన సంగతి తప్ప అన్నీ చెబుతాడు. వెస్ట్ బాల్టిమోర్‌లో బార్క్స్‌డేల్ డ్రగ్స్ ముఠా ఎంత ఎదిగింది, ఎన్ని హత్యలు చేసింది, డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ ఎలా పట్టలేదు, అంతా ఏకరువు పెడతాడు. జడ్జిగారి ఫోన్ డిప్యూటీ కమిషనర్‌కి, అక్కడి చీవాట్లు మెక్‌నల్టీ పైఅధికారి మేజర్ రాల్స్‌కి. రాల్స్ మెక్‌నల్టీని ఎదుట నిలబెట్టి రెండు మధ్యవేళ్లూ ఎత్తి చూపిస్తాడు. ఆ క్షణంలో మెక్‌నల్టీగా వేసిన డొమినిక్ వెస్ట్ మొహం చూడాలి. 'ఆయన అడిగాడు, నేను చెప్పాను, నేనేం చేశాను?' అన్నట్టుంటుంది. పైవాళ్ల చెవిలో ఉప్పందించి, అగ్గి రాజుకున్నాక అమాయకంగా నిలబడే మనిషి ఏ ఆఫీసులోనైనా ఒకడుంటాడు. తమాషా ఏమిటంటే, ఆ అమాయకత్వం నటన కాదు. తను న్యాయం కోసమే నోరు విప్పానని అతను నిజంగానే నమ్ముతాడు.

నేను నమ్మను. చచ్చినవాళ్ల మీద అతనికి బెంగేమీ కనిపించదు. విచారణ నడుస్తుండగా ముఠా పెద్దల్లో ఒకడైన స్ట్రింగర్ బెల్ కాగితం మీద బూతుబొమ్మ గీసి డిటెక్టివ్‌కి కనిపించేలా పట్టుకుంటాడు. మండింది అక్కడ. ఈ ఊళ్లో నాకంటే తెలివైనవాడు ఒకడున్నాడు, పైగా వాడు నన్ను చూసి నవ్వుతున్నాడు! సీజన్ మొత్తం సాగే దర్యాప్తు ఆ ఉక్రోషంలోంచి పుట్టింది. మంచి పనికి మంచి కారణమే ఉండాలని ఈ కథ పట్టుబట్టదు.

పట్టుబట్టదు ఎందుకంటే, రాసినవాళ్లకు ఆ లోకం తెలుసు. డేవిడ్ సైమన్ 'బాల్టిమోర్ సన్'లో ఏళ్ల తరబడి క్రైమ్ రిపోర్టర్. ఎడ్ బర్న్స్ అదే ఊళ్లో హత్యకేసుల డిటెక్టివ్‌గా చేసి, తర్వాత బడిపంతులయ్యాడు. మన తెలుగు పోలీసు కథల్లో అయితే ఈపాటికి ఫ్లాష్‌బ్యాక్ పడేది. చెల్లెలో తండ్రో హత్యకు గురవ్వాలి. ఆ చావు చూపించాక హీరో లాకప్‌లో ఎవణ్ని చితకబాదినా మనకు అభ్యంతరం ఉండదు. కారణం పేరుతో మన దగ్గర ముందే తీసుకునే క్షమాభిక్ష అది.

ఇక్కడ ఏ శషభిషలూ లేని కారణం ఉన్నది మత్తుమందుకు బానిసైన బబుల్స్ ఒక్కడికే. దొంగనోటు ఇచ్చాడని అతని స్నేహితుణ్ని ముఠా కుర్రాళ్లు చావగొట్టారు. దాంతో అతను పోలీసు కీమాకి ఇన్‌ఫార్మర్‌గా పనిచేయడానికి సిద్ధపడతాడు. పగ, అంతే.

చివర్లో గాంట్ శవం కనిపిస్తుంది. కోర్టులో మాట మార్చకుండా డియాంజెలోకి వ్యతిరేకంగా నిలబడిన ఇంకో సాక్షి ఇతనే. ప్రేక్షకులు పోల్చుకోలేరేమోనని ఛానల్ పట్టుబట్టి అక్కడ కోర్టు దృశ్యం ముక్కొకటి మళ్లీ చూపించమంది. అనవసరం. ఎవరో తెలిసింది గానీ, ఎందుకన్నది తెలియదు. కేసు గెలిచేశారు, ఇతని సాక్ష్యంతో ఇక ముప్పు లేదు. మరెందుకు చంపినట్టు? రేపటి సాక్షులకు హెచ్చరిక అని మనం ఊహించుకోవాల్సిందే, తెర మీద ఎవరూ చెప్పరు. డియాంజెలోకీ తెలియదు. ముఠా నాయకుడు ఏవన్ స్వయానా మేనమామ. అడిగే ధైర్యం లేదు, అడగకుండా మనసు ఊరుకోదు. రెండో ఎపిసోడ్‌లో మెక్‌నల్టీ దూరేది సరిగ్గా ఆ సందులోకే. తోటి డిటెక్టివ్ బంక్ తన సొంత పిల్లల ఫొటో తీసి, చచ్చినవాడి పిల్లలని చెబుతాడు. ఆ ఫొటో చూపించి, డియాంజెలో చేత వాళ్లకు ఉత్తరం రాయిస్తారు.