రాకెట్టు మన తీరం నుంచే! మరి మనం ఎక్కడ?



1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను కక్ష్యలోకి పంపింది. తర్వాత 1958లో అమెరికా, 1965లో ఫ్రాన్స్, 1970లో జపాన్, చైనా, 1971లో బ్రిటన్ ఆ పని చేశాయి. 1980 జూలై 18న మన దేశం ఆ వరుసలో చేరింది. నేడు సొంత ఉపగ్రహాలున్న దేశాలు ఎన్నో. వాటిని సొంత రాకెట్టుతో పంపగలిగిన దేశాలను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మన ఆర్యభట్ట కూడా 1975లో సోవియట్ రాకెట్టు మీదే వెళ్లింది.

ఈ తేడాకు కారణం డబ్బొక్కటే కాదు. బ్రిటన్ మనకంటే ధనిక దేశం. అయినా ఖర్చు దండగని రాకెట్టు పథకాన్ని రద్దు చేసుకుంది. అప్పటికే సిద్ధంగా ఉన్న రాకెట్టుతో ఆస్ట్రేలియా నుంచి ప్రాస్పెరో ఉపగ్రహాన్ని పంపి అంతటితో మానుకుంది. మన ఎస్.ఎల్.వి.-3 మొదటి ప్రయోగం 1979 ఆగస్టు 10న విఫలమై రాకెట్టు బంగాళాఖాతంలో పడింది. ఏడాది తిరగకుండా రెండో ప్రయోగం రోహిణిని కక్ష్యలో పెట్టింది. ఆ ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం, రామేశ్వరంలో సామాన్య కుటుంబంలో పుట్టినవారు.

ఆ రెండు ప్రయోగాలూ జరిగింది మన శ్రీహరికోటలోనే. ఆ దీవిలో తరతరాలుగా అడవినీ చేపలనూ నమ్ముకుని బతికినవారు యానాదులు. ప్రయోగ కేంద్రం కోసం వారి కుటుంబాలు చోటు వదలవలసి వచ్చింది. ఆ పిల్లలకు కంట్రోల్ రూములో కుర్చీ దక్కిన రోజునే ఆ బాకీ తీరుతుందని మా అభిప్రాయం.

అది జరిగే పనేనా? దేశంలోని ప్రభుత్వ పాఠశాలల ఆడపిల్లలు 750 మంది కలిసి ఆజాదీశాట్ తయారు చేశారు. 2022 ఆగస్టులో రాకెట్టు దాన్ని సరైన కక్ష్యలో పెట్టలేకపోయింది. 2023 ఫిబ్రవరి 10న రెండో ఆజాదీశాట్ శ్రీహరికోట నుంచే కక్ష్యకు చేరింది. సర్కారు బడి పిల్లలకు సైన్సు రాదనేవారికి ఇంతకంటే జవాబు కావాలా?

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. పదో తరగతి కాగానే "సైన్సు మీవల్ల కాదు, తేలికైన గ్రూపు తీసుకోండి" అన్న సలహా మాలో చాలామందిమి విన్నాము. లెక్కలు చెప్పేవారు లేక, ప్రయోగం చేసి చూపే గది లేక వెనకబడితే దాన్ని తెలివితక్కువతనం అనడం న్యాయమా?

అందుకే మనం అడగాలి. ప్రతి హాస్టలుకూ సాయంత్రం పూట లెక్కలు, ఫిజిక్సు చెప్పే ట్యూటరు కావాలి. చిన్నదైనా ఒక ప్రయోగశాల కావాలి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలూ అక్కలూ నెలకొక ఆదివారం వచ్చి పాఠం చెప్పాలి. ఆ పని మేము మొదలుపెడతాము.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఎం.పి.సి. అని రాసేటప్పుడు చెయ్యి వణకనివ్వకండి. రాకెట్టు సముద్రంలో పడితేనే దేశం ఆగలేదు. ఒక్క సప్లిమెంటరీకి మనం ఆగిపోవాలా?