పెదవిరంగులో నేమి కలదు?



గడచిన సంక్రాంతికి మా ఆడుబిడ్డ కుమార్తె మా యింటికి వచ్చినది. పట్టణమున కళాశాలలో చదువుచున్న పిల్ల. అద్దము ముందు నిలిచి పెదవులకు రంగు దిద్దుకొనుచుండగా మా అత్తగారు చూచి, "అమ్మాయీ, అది దేనితో చేయుదురే? నోటిలోనికి పోవు వస్తువు గదా!" అని యడిగిరి. పిల్ల నా వంక చూచినది. నేను మావారి వంక చూచితిని. పాఠశాలలో పిల్లలకు పదార్థవిజ్ఞానము బోధించు మావారు వార్తాపత్రిక చాటున దాగిరి.

వృద్ధురాలి ప్రశ్న న్యాయమైనది. పెదవికి పూసినది అన్నముతోను మంచినీళ్లతోను కొంత కడుపులోనికి పోక తప్పదు. ఆ సాయంకాలమే రంగుకడ్డీ పెట్టెను తెచ్చుకొని, దానిపైనున్న చీమకాళ్లవంటి అక్షరములను మావారి భూతద్దముతో చదువ నారంభించితిని.

మొదటి పేరు చూడగానే నవ్వు వచ్చినది. రిసినస్ కమ్యూనిస్ అట! అనగా పసిబిడ్డల మాడున పెట్టు మన ఆముదమే. రంగుకడ్డీలో సగమునకు మించి నూనెలే యుండును. వానిలో ఆముదమునకు అగ్రతాంబూలము. అది చిక్కనిది, త్వరగా జాఱిపోదు, మెఱుపు నిచ్చును, రంగుపొడిని తనలో నిలుపుకొనును. ప్రపంచమునకు కావలసిన ఆముదములో అధికభాగము మన దేశమే, అందును ముఖ్యముగా గుజరాతే, పండించుచున్నది. మన పాలమూరు, నల్లగొండ మెట్టచేలలోను ఆముదపు పంట కలదు.

నూనె యొక్కటే కడ్డీగా నిలువదు గనుక మైనము చేర్తురు. తేనెపట్టు మైనము 62 మొదలు 64 డిగ్రీల వేడికి కరగును. బ్రెజిలు దేశమున ఒకజాతి తాటియాకులపై పొరగా నేర్పడు కార్నౌబా మైనము 80 డిగ్రీలు దాటినగాని కరగదు. అది చేరుటచేతనే రెంటచింతల వేసవిలో గూడ కడ్డీ మెత్తబడునేకాని నీరైపోదు.

బీట్‌రూట్ రసముతో ఇంటనే రంగు చేసికొందమని కొందఱు ఉత్సాహపడుదురు. ఆ రసము నీటిజాతి. నూనెతో, మైనముతో దానికి పొత్తు కుదరదు. రంగు పొడిగా నుండవలెను. ఇనుపతుప్పు జాతివైన ఎఱ్ఱ, పసుపు, నల్ల పొడులు వాడుదురు. మన కావిరాయి రంగు అదియే. తెల్లదనమునకు టైటానియం డయాక్సైడు, తళుకునకు అభ్రకము.

పెట్టెపై రెండుచోట్ల "లేక్" అని యుండెను. ఆంగ్లమున అది చెఱువు గదా, పెదవిరంగులో చెఱువేమని నిఘంటువు తిరుగవేసితిని. చెఱువు గాదు, సంస్కృతమున లాక్ష, తెలుగున లక్క! లక్కరంగును పటికవంటి లవణముతో చేర్చి నీట కరగని పొడిగా మార్చు పద్ధతినుండి ఆ పేరు పుట్టినది. నేడు కృత్రిమపు రంగులను అట్లు పొడిచేసినను అదే పేరు. వాత్స్యాయనుడు నాగరకుని దినచర్యను చెప్పుచు, అతడు ప్రొద్దుట మైనమును లత్తుకను అలదుకొని అద్దము చూచుకొనునని వ్రాసినాడు. ఆ గ్రంథము పేరు ఇచట చెప్పను. నాగరకుడు పురుషుడని మాత్రము జ్ఞాపకము చేయుదును. ఈ మాట పైకి చదువగా వార్తాపత్రిక యింకొక జానెడు పైకి లేచినది.

పిదప కనబడినది సి.ఐ. 75470 అను సంఖ్య. దానికే కార్మైను అని పేరు. నాగజెముడుపై బ్రతుకు కొచినీలు అను చిన్న పురుగును ఎండబెట్టి తీయు ఎఱుపది. నేడు పెరూ దేశము దానికి ముఖ్యస్థానము. ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాములు, ఎండుపురుగు కావలెనన్న 70,000 ప్రాణములు పోవలెనని లెక్క. చెన్నపట్టణమునకును దీనితో సంబంధము కలదు. 18వ శతాబ్ది చివర జేమ్స్ ఆండర్సన్ అను వైద్యుడు ఈ పురుగుకై సైదాపేటలో జెముడుతోట వేసెను. 1795లో పురుగు వంగదేశమునకు వచ్చి, దక్షిణమునకు చేరినది. వచ్చినది మేలుజాతి గాక అడవిజాతి యగుటచే వ్యాపారము సాగలేదు. ఒకజాతి జెముడు పొదలు మాత్రము దాని నోటబడి నశించినవి.

గ్రుడ్డు సైతము ముట్టని పిల్ల, విని ముఖము వాడ్చినది. "అత్తయ్యా, రెండేండ్లుగా ఇదే పూసికొనుచున్నాను" అని కన్నీరు పెట్టుకొన్నది. అత్తగారు మండిపడుదురని నేను భయపడితిని. ఆమె కొంతసేపు జపమాల త్రిప్పి, "నా పెండ్లిలో కాళ్లకు లత్తుక పెట్టిరి. అదియు పురుగుదే. మడికి కట్టు పట్టుబట్టయు పురుగుదే. కడుపులోనికి పోవునది వేఱు గనుక మానుము. తెలియనిదానికి ఏడ్చెదవేల?" అనిరి. ఈ తారతమ్యము నాకు పూర్తిగా సమ్మతము కాదు గాని, ఆనాడు వాదింపలేదు.

సీసమును గూర్చి పలువురు భయపడుచున్నారు. మన్నునుండి వచ్చు రంగులలో అది లేశముగా వెంబడించుట నిజమే. అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ శాఖ 2010లో 400 రంగుకడ్డీలను పరీక్షింపగా, పదిలక్షల పాళ్లలో సగటున 1.11, అత్యధికముగా 7.19 పాళ్లు తేలినది. 10 పాళ్లు మించరాదని ఆ శాఖ 2016లో సూచించినది. సీసపు సమ్మేళనములను రంగుకొఱకు వాడరాదని మన దేశపు నియమము. కాని తిరునాళ్లలో పేరు, చిరునామా లేక అమ్మునవి ఏ నియమమునకు లోబడినవో! వానిని ఆడపిల్లల చేతికీయకుడు.

మా అత్తగారికి చలికి పెదవులు పగులుట వాడుక. ఒక చెంచా తేనెమైనపు తురుమును మూడు చెంచాల ఆముదముతో వేడినీళ్ల గిన్నెలో నుంచి కరగించి, భరిణెలో పోసి ఆర్చితిని. వాసన గిట్టనివారు కొబ్బరినూనెతో చేసికొనవచ్చును. రంగు లేదు, మెఱుపు మాత్రము కలదు. పిల్ల తిరిగి పట్టణమునకు పోవుచు అందు సగము పట్టుకొనిపోయినది. పాత కడ్డీని మావారు పాఠశాలకు తీసికొనిపోయిరి. పిల్లలకు పాఠములో చూపుటకట.