జిప్పు ఉబ్బితే తప్పు ఇంటి కుట్టుదా?

"ఇంట్లో కుట్టిందని చూడగానే తెలిసిపోతోంది." ఈ మాటను నలభై ఏండ్లుగా వింటున్నాను. మొన్న ఒక గృహప్రవేశంలో మా మనవరాలి గౌను వెనుక జిప్పును చూసి ఒక చుట్టం మరల అదే మాట అన్నారు. ఆ గౌను కుట్టినది మా వీధిలోని ఒక ఇల్లాలు. జిప్పు నడుము దగ్గర ఉబ్బిన మాట నిజమే. కానీ ఆ మాట వెనుక ఉన్న తీర్పును మాత్రం నేను ఒప్పుకోను.

మిత్రులారా, మా అనంతపురం సీమలో కుట్టుమిషను కాలక్షేపపు వస్తువు కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అదీ అదనుకు పడిన ఏడు తక్కువ. వేరుశనగ ఎండిపోయిన ఏట ఎన్నో ఇండ్లకు ఉప్పూ పప్పూ తెచ్చేది ఆ మిషనే. జిప్పు బాగాలేదని ఒక గౌను వెనక్కి వస్తే ఒక పూట కూలి పోయినట్లే. ఆ గిరాకీ మరల ఆ గడప తొక్కదు.

"ఫ్యాక్టరీ కుట్టు తీరే వేరు" అంటారు. మా జిల్లాలోని రాయదుర్గం జీన్సు ప్యాంట్లకు పేరుపొందిన ఊరు. పనిని పంచుకొని కుట్టే చోట జిప్పు వేసేవారు రోజంతా జిప్పులే వేస్తారు. ఆ చేతికి తిన్నదనం రావడంలో వింత లేదు. ఇంట్లో కుట్టే ఇల్లాలు కొలతలు తీయాలి, కత్తిరించాలి, చేతులు అతకాలి, మెడ తిప్పాలి, అంచు మడవాలి, ఆపైన జిప్పు వేయాలి. నెలకొక జిప్పు వేసే చేతిని నిత్యమూ జిప్పులే వేసే చేతితో పోల్చి నవ్వడం ఏమి న్యాయం?

అసలు దోషం నేర్పడంలో ఉంది. నేను చూసిన కుట్టు తరగతులలో మిషను తొక్కడం, లంగా, హుక్కుల జాకెట్టు, అక్కడితో సరి. జిప్పు మాట ఎత్తితే "తరువాత అదే వస్తుందిలే" అంటారు. అక్షరమాల నేర్పి గుణింతాలు ఎగ్గొట్టిన పంతులు, పిల్లవాడు తప్పు చదివాడని బెత్తం ఎత్తినట్లుంది.

జిప్పు ఉబ్బడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఉతికిన తరువాత గుడ్డ ముడుచుకొని జిప్పు పట్టీ ముడుచుకోకపోవడం ఒకటి; కుట్టేటప్పుడు గుడ్డను లాగడం రెండవది. కనుక కొత్త గుడ్డను ముందే తడిపి, ఆరవేసి, ఇస్త్రీ చేయాలి. జిప్పు వచ్చే మేర రెండు అంచులనూ పెద్ద కుట్లతో తాత్కాలికంగా మూసి, ఆ అతుకును లోపలివైపు విప్పదీసి ఇస్త్రీ పెట్టాలి. జిప్పును దానిపై బోర్లించి, పళ్ళను సరిగ్గా అతుకు మీదికి తెచ్చి, చేత్తో కచ్చా కుట్టు వేయాలి. ఆపైననే మిషను. రెండు వైపులా క్రిందినుండి పైకే కుట్టాలి. ఒకటి పైకి, ఒకటి క్రిందికి కుడితే గుడ్డ జరుగుతుంది. రన్నరు అడ్డువస్తే సూదిని గుడ్డలోనే దింపి ఉంచి, ఫుట్టు ఎత్తి, రన్నరును దాటించి సాగాలి. చివరకు తాత్కాలికపు కుట్లు విప్పాలి.

"ఇంత ఓపిక ఎవరికుంది?" అనేవారు ఒక సంగతి గమనించాలి. 1893లో షికాగో ప్రదర్శనలో విట్కోమ్ జడ్సన్ చూపిన కొక్కేల బిగింపు సరిగా నిలువలేదు. గిడియన్ సుండ్‌బ్యాక్ దానికి నేటి రూపమిచ్చి పేటెంటు పొందినది 1917లో. జిప్పును చేసినవారికే ఇరవైనాలుగేండ్లు పట్టింది. దానిని కుట్టే ఇల్లాలికి పది నిమిషాల కచ్చా కుట్టు నేర్పడానికి మనకు తీరిక లేదా?

ఆ గౌనును నేనూ ఆమే కూర్చుని విప్పి మరల కుట్టాము. ఇప్పుడు జిప్పు తిన్నగా ఉంది. ఆమె అన్న మాట ఒక్కటే: "ఇది నాకు మొదటే ఎవరూ చెప్పలేదు టీచరమ్మా."

కుట్టు నేర్పేవారికి నా విన్నపం ఇదే. ధ్రువపత్రం చేతికిచ్చే ముందు కనీసం మూడు జిప్పులు కుట్టించండి. ఇక నవ్వేవారికి ఒక మాట: విప్పి కుట్టించుకోండి, దానికీ కూలి ఇవ్వండి.